గ్రహాంతర జీవం కోసం వెతకాలనుకుంటే సముద్రం చదవడం దండగా?

ప్రశ్న: నేను సముద్ర సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి నా ధ్యాసంతా భూమి బయట ఎక్కడైనా జీవం ఉందా అన్నదాని మీదే. ఖగోళశాస్త్రంలో సీటు రాక ఇటు వచ్చాను. ఇప్పుడు నా ప్రాజెక్టు ఏమిటంటే, లోతు సముద్రపు నీటిని ఫిల్టర్ చేసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద బ్యాక్టీరియాను లెక్కపెట్టడం. రోజంతా మెరిసే చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటే ఎక్కడి నక్షత్రాలు, ఎక్కడి నేను అనిపిస్తోంది. పైగా ఏమీ ఉండకూడని బ్లాంక్ శాంపిల్‌లో కూడా కొన్ని చుక్కలు కనిపిస్తున్నాయి. "అవి ఎప్పుడూ ఉండేవే, వదిలెయ్" అంటున్నారు సీనియర్లు. పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే సమయం దగ్గరపడింది. ఇప్పుడైనా సబ్జెక్టు మార్చుకోవాలా? ఆ వెతుకులాటలో సముద్రశాస్త్రానికి నిజంగా చోటుందా, లేక నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నానా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: మార్చుకోవద్దు. జవాబు ముందే చెప్పేశాను కాబట్టి ఇక మిగతాది నిదానంగా చదవండి.

గ్రహాంతర జీవం అనగానే అందరికీ టెలిస్కోపులు, రేడియో సంకేతాలు గుర్తొస్తాయి. కానీ మన సౌరకుటుంబంలో, ఒక యంత్రాన్ని పంపి నేరుగా పరీక్ష చేయగలిగిన చోట్లలో ఇప్పుడు ఎక్కువమంది ఆశ పెట్టుకున్నవాటిలో రెండు, గురుడి చుట్టూ తిరిగే యూరోపా, శని చుట్టూ తిరిగే ఎన్‌సెలడస్. రెండూ పైకి మంచు ముద్దలే. రెండింటి లోపలా ఉప్పునీటి సముద్రాలున్నాయని గట్టి ఆధారాలున్నాయి. యూరోపా మన చంద్రుడి కంటే కాస్త చిన్నది. అయినా దాని మంచు కింద, భూమి మీది సముద్రాలన్నీ కలిపినదానికి రెండింతల నీరు ఉండొచ్చని అంచనా. ఎన్‌సెలడస్ మరీ బుల్లిది, వ్యాసం 500 కిలోమీటర్లు. అక్కడిదాకా తీసుకెళ్లడం రాకెట్ ఇంజినీర్ల పని. తీసుకెళ్లాక అడగాల్సినవన్నీ మీ డిపార్ట్‌మెంట్ ప్రశ్నలు. ఈ నీటిలో ఉప్పెంత? అడుగున ఎలాంటి రాయి ఉంది? వేడి ఎక్కడి నుంచి వస్తోంది? తినడానికి ఏముంది? తినేవాళ్లున్నారా?

అసలు ఈ వెతుకులాట మంచు చందమామల వైపు తిరగడానికి ఒక పెద్ద కారణం సముద్రం అడుగునే దొరికింది. 1977 ఫిబ్రవరిలో గాలాపగోస్ దీవుల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతున, సముద్రగర్భం చీలుతున్న చోట వేడినీటి ఊటలు ఉన్నాయో లేదో చూద్దామని భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు వెళ్లారు. ముందుగా కెమెరాలు, థర్మామీటరు బిగించిన ఒక ఉక్కు చట్రాన్ని ఓడకు కట్టి అడుగుకు దగ్గరగా గంటల తరబడి లాగారు. అది తీసిన వేల ఫొటోల్లో ఎక్కడ చూసినా నల్లటి లావా రాయే. ఒక్కచోట మాత్రం ఉష్ణోగ్రత కాస్త పెరిగి, కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పడిపోయింది. సరిగ్గా ఆ కాస్త సమయంలో పడిన పదమూడు ఫొటోల్లో తెల్లటి ఆల్చిప్పలు గుట్టలుగా కనిపించాయి. వెంటనే ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగి చూశారు. ఎండ పొడ ఎరగని చోట ఆల్చిప్పలు, పీతలు, మనిషంత పొడవు గొట్టపు పురుగులు!

ఆ ఓడ మీద జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. జంతువులు దొరుకుతాయని ఎవరూ అనుకోలేదు మరి. శాంపిళ్లు పాడవకుండా ఉంచే ఫార్మాలిన్ కొంచెమే ఉండటంతో, కొన్నింటిని పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో వేసి తెచ్చారు. నీటి సీసాల మూత తీయగానే ల్యాబంతా కుళ్లిన గుడ్ల కంపు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ కంపులోనే సమాధానం ఉంది. ఆ వాయువు నుంచి శక్తి తీసుకుని సూక్ష్మజీవులు తమ తిండి తాము తయారు చేసుకుంటున్నాయి, మిగతా జంతువులన్నీ వాటి మీద ఆధారపడి బతుకుతున్నాయి. పెద్ద గొట్టపు పురుగుకైతే నోరూ లేదు, పేగూ లేదు. దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియాయే దానికి ఆహారమిస్తుంది. ఇది జరిగిన రెండేళ్లకు, 1979లో, వాయేజర్ నౌకలు యూరోపా ఫొటోలు పంపాయి. గుంతలు పెద్దగా లేని నున్నటి మంచు, దాని మీద గీతలు గీతలుగా పగుళ్లు. కింద నీరుందేమో అన్న మాట బలపడింది. నీరుంటే ఎండ లేకపోయినా ఫర్వాలేదు అన్న మాట అప్పటికే గాలాపగోస్ నుంచి వచ్చి ఉంది.

ఇక్కడ ఒక మాట. "సూర్యుడితో పనిలేని జీవం" అని ఆ ఊటల గురించి ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. అది సగమే నిజం. గొట్టపు పురుగు, దానిలోని బ్యాక్టీరియా ఆ సల్ఫైడ్‌ను వాడుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్ పైన ఎండలో కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల నుంచి వచ్చి, నీటితో పాటు కిందికి దిగినదే. సూర్యుణ్ణి నిజంగా పట్టించుకోనివి వేరే ఉన్నాయి. హైడ్రోజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి మీథేన్ చేసి, ఆ చర్యలో వచ్చే శక్తితో బతికే సూక్ష్మజీవులు అవి. యూరోపా గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. అక్కడ పై మంచును గురుడి రేడియేషన్ కొట్టి ఆక్సిజన్‌ను విడదీస్తుంది. జూనో నౌక యూరోపా పక్క నుంచి వెళ్తూ కొలిచిన దాన్ని బట్టి, అలా పుట్టేది సెకనుకు సుమారు 12 కిలోలని 2024లో లెక్క తేల్చారు. పాత అంచనాల్లో కొన్ని దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. పుట్టిన ఆ కాస్తలో ఎంత మంచు దాటి కింది నీటిలోకి చేరుతుందన్నది మళ్లీ వేరే సమస్య. కాబట్టి యూరోపాలో పీతలు, పురుగుల్ని ఊహించుకునేవాళ్లు కాస్త ఆగాలి. మీ మైక్రోస్కోపు కింద కనిపించే సైజు జీవుల గురించి ఆలోచించడమే న్యాయం.

ఆ పదమూడు ఫొటోల సంగతి అంత వివరంగా రాయడానికి కారణముంది. కొన్ని మీటర్లు అటో ఇటో లాగి ఉంటే ఆ ఆల్చిప్పలు కెమెరాకు దొరికేవి కావు. ఇంకో ప్రపంచంలో దిగే యంత్రానికి అన్నన్ని ఫొటోలు తీసే వీలు కూడా ఉండదు. అందుకే ఆ తర్వాత సముద్రశాస్త్రవేత్తలు నేల మీద వెతకడం తగ్గించి నీటిని వెతకడం నేర్చుకున్నారు. చాలాచోట్ల ఊటలోంచి వచ్చిన వేడినీరు రెండు మూడు వందల మీటర్లు లేచి, చుట్టుపక్కల నీటితో కలిసి, సాంద్రత సమానమయ్యాక పక్కలకు పరుచుకుంటుంది. అందులో మాంగనీస్, మీథేన్, హీలియం-3 మామూలు నీటిలో కంటే ఎక్కువ ఉంటాయి. నీరు కాస్త మసకగా ఉంటుంది. కిలోమీటర్ల దూరంలోనే ఈ జాడ పట్టుకుని, దాని వెంట వెనక్కి వెళ్తే ఊట దొరుకుతుంది. మంచు కింద ఈదే రోబో ఎప్పటికైనా వెళ్తే అది కూడా ఇలాగే వెతకాలి. దీనికి రిహార్సల్స్ జరిగాయి కూడా. 2018లో హవాయి దగ్గరి సముద్రగర్భ అగ్నిపర్వతం మీద, 2019లో పసిఫిక్‌లోని గోర్డా రిడ్జ్ మీద, నాసా సబ్‌సీ అనే ప్రాజెక్టు నడిపింది. నౌటిలస్ ఓడ నుంచి రోబో నీటిలో దిగింది. ఏం చేయాలో చెప్పే శాస్త్రవేత్తల బృందం మాత్రం ఎక్కడో ఒడ్డున కూర్చుంది, అంతరిక్ష యాత్ర నడిపినట్టే.

మంచు లోపల సముద్రం ఉందని బయటి నుంచి ఎలా తెలిసిందంటే, అదీ ఉప్పు పుణ్యమే. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. గురుడి అయస్కాంత క్షేత్రం దాని ఇరుసుకు సుమారు 10 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి, యూరోపా దగ్గర ఆ క్షేత్రం 11 గంటలకోసారి ఊగుతుంది. ఊగినప్పుడల్లా లోపలి ఉప్పునీటిలో కరెంటు పుట్టి, దానికి బదులుగా ఇంకో చిన్న క్షేత్రం తయారవుతుంది. గెలీలియో నౌకలోని మాగ్నెటోమీటరు దాన్ని పట్టుకుంది. ఆ పరికరం బృందానికి మార్గరెట్ కివెల్సన్ నాయకత్వం వహించారు. మన భూమి మీద కూడా ఆటుపోట్లకు కదిలే సముద్రం ఇలాంటి బలహీనమైన అయస్కాంత సంకేతం పుట్టిస్తుంది, దాన్ని స్వార్మ్ ఉపగ్రహాలు కొలిచాయి.

లోతు గురించి భయం అక్కర్లేదు. యూరోపా సముద్రం అడుగు 100 కిలోమీటర్ల లోతున ఉన్నా, అక్కడి గురుత్వాకర్షణ మనదానిలో ఏడో వంతు కూడా లేదు కాబట్టి, అడుగున ఒత్తిడి మన గాలి పీడనానికి సుమారు 1,300 రెట్లు. మన సముద్రాల్లో అన్నిటికంటే లోతైన మరియానా అగాధం అడుగున ఉన్నది 1,100 రెట్ల దాకా. ఆ అగాధంలో సూక్ష్మజీవులు హాయిగా బతుకుతున్నాయి.

ఎన్‌సెలడస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మీ సబ్జెక్టు సత్తా అంతా అక్కడే కనిపిస్తుంది. ఈ చందమామ తన దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ల నుంచి నీటి ఆవిరిని, మంచు రేణువుల్ని అంతరిక్షంలోకి చిమ్ముతోందని 2005లో, శని చుట్టూ తిరుగుతున్న కాసిని నౌక కనిపెట్టింది. అంటే తవ్వకుండానే సముద్రం శాంపిల్ బయటికొస్తోంది. రేణువుల్లో ఉప్పు దొరికింది. తర్వాత, శని వలయాల వైపు నుంచి వచ్చిన ధూళిలో కొన్ని నానోమీటర్ల సిలికా రేణువులు కనిపించాయని 2015లో ప్రకటించారు. అంత సన్నటి సిలికా రావాలంటే, రాతిని తాకిన నీరు 90 డిగ్రీల పైన ఉండి, తర్వాత చల్లటి నీటిలో కలవాలి. అదే ఏడాది అక్టోబరులో కాసిని ఆ చిమ్ముడులోంచి, నేలకు 49 కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్లింది. అప్పటి కొలతల నుంచి ఆవిరిలో ఒక శాతం అటూ ఇటూగా హైడ్రోజన్ ఉందని 2017లో తేలింది. 2023లో ఫాస్ఫేట్లు కూడా ఉన్నాయన్నారు.

ఈ లెక్కలన్నీ చూసి "అరె, ఇది మనకు తెలిసిన చోటే" అన్నది ఎవరో కాదు, సముద్రశాస్త్రవేత్తలే. 2000 డిసెంబరులో అట్లాంటిక్ మధ్యలో లాస్ట్ సిటీ అనే ఊటల గుంపు బయటపడింది. అక్కడ నల్లటి పొగ చిమ్మే 350 డిగ్రీల ఊటల్లాంటివి లేవు. భూమి లోపలి పొర నుంచి పైకి వచ్చిన ఆలివిన్ రాయి నీటితో చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తుంది. నీరు 40 నుంచి 90 డిగ్రీల వేడి, పీహెచ్ 9 నుంచి 11, అంటే బాగా క్షారం. తెల్లటి సున్నపు గోపురాలు, ఒకటి 60 మీటర్ల ఎత్తు. కనీసం 30,000 ఏళ్లుగా నడుస్తోంది. దీనికి అగ్నిపర్వతం అవసరం లేదు, రాయి, నీరు ఉంటే చాలు. ఎన్‌సెలడస్‌లో ఆ రెండూ ఉన్నాయి. జపాన్ దగ్గరి ఒకినావా ద్రోణిలోని ఊట నుంచి తెచ్చిన ఒక మీథేన్ సూక్ష్మజీవిని ల్యాబులో ఎన్‌సెలడస్ లాంటి పరిస్థితుల్లో పెంచి చూస్తే అది పెరిగిందని 2018లో ప్రచురించారు. ఆ జీవిని సముద్రం అడుగు నుంచి తెచ్చి, బతికించి, పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మీలాగే ఫిల్టరు కాగితాల ముందు కూర్చున్నవాళ్లే.

అయితే హైడ్రోజన్ దొరికిందని అందరూ సంబరపడుతుంటే, సముద్రం తెలిసినవాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. మన సముద్రంలో తిండి దొరికే ప్రతి చోటా దాన్ని తినే సూక్ష్మజీవి ఒకటి చేరుతుంది. మరి ఎన్‌సెలడస్‌లో అంత హైడ్రోజన్ ఎందుకు మిగిలింది? వడ్డించిన విస్తరి వడ్డించినట్టే ఉందంటే, తినేవాళ్లు లేరనా? లేక తినేవాళ్లు కొద్దిమందే ఉండి, వడ్డన ఎక్కువైందా? ఇంకేదైనా దొరక్క తినలేకపోతున్నారా? ఇప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు. కానీ ఈ ప్రశ్న వేయడం తెలియాలంటే, ఊట దగ్గర ఎంత పుడుతుంది, ఎంత తినబడుతుంది, ఎంత మిగులుతుంది అని ఏళ్ల తరబడి కొలిచిన అనుభవం కావాలి. ఆశ పెంచే సాక్ష్యమే ఆశ తగ్గించేది కూడా కావచ్చని చూడగలగడం, నా దృష్టిలో ఈ రంగానికి సముద్రశాస్త్రం ఇచ్చిన అతి విలువైన అలవాటు.

బుడగల కథ కూడా చెప్పాలి. సముద్రంలో గాలి బుడగ పైకి లేస్తూ దారిలో సేంద్రియ పదార్థాన్ని, బ్యాక్టీరియాను తన ఒంటికి అంటించుకుంటుంది. పైకొచ్చి పగిలినప్పుడు ఎగిరే తుంపరలో, కింది నీటిలో కంటే బ్యాక్టీరియా పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు ఎక్కువ ఉంటుంది. అలల తుంపర మీద పనిచేసేవాళ్లకు ఇది దశాబ్దాలుగా తెలుసు. ఎన్‌సెలడస్ పగుళ్లలోనూ బుడగలు పగులుతూ ఉంటే, బయటికి చిమ్మే రేణువుల్లో లోపలి సరుకు చిక్కబడి రావచ్చు. 2018లో ఆ రేణువుల్లో పెద్ద పెద్ద సేంద్రియ అణువులు దొరికినప్పుడు, నీటి మీద పేరుకున్న పలుచటి పొర బుడగలతో పాటు ఎగిరి ఉంటుందని వివరించారు. ఇది తెలియనివాళ్లు చిమ్ముడులో ఎన్ని కణాలుంటే సముద్రంలోనూ అన్నే ఉన్నాయని లెక్కేస్తారు. లెక్క తలకిందులవుతుంది.

ఇప్పుడు మీ బ్లాంక్ సంగతి. సీనియర్లు వదిలెయ్ అన్నారు కదా, వదలకండి. తీరానికి దగ్గర్లోని పైనీటిలో మిల్లీలీటరుకు పది లక్షల కణాలుంటే, బ్లాంక్‌లో కనిపించే నాలుగు చుక్కలు లెక్కలోకి రావు, వాళ్ల మాట అక్కడికి సరే. లోతుకు వెళ్లేకొద్దీ కణాలు తగ్గుతాయి. సముద్రగర్భం కింద మట్టిలోకి వెళ్తే ఇంకా తగ్గుతాయి. జపాన్ దగ్గర నాన్‌కాయ్ ద్రోణిలో 2016లో 1.2 కిలోమీటర్ల లోతు దాకా తవ్వారు. కింద మట్టి వేడి 120 డిగ్రీలు. అక్కడ ఘన సెంటీమీటరుకు దొరికిన కణాలు చాలాచోట్ల వందల్లోనే. అలాంటి చోట ఓడ మీది మనిషి తుమ్మితే అదే పెద్ద జనాభా. అందుకని ఇలాంటి తవ్వకాల్లో, డ్రిల్లింగ్ నీటిలో ప్రకృతిలో దొరకని ఒక ఫ్లోరిన్ రసాయనం కలుపుతారు. పైకి తెచ్చిన మట్టి దిమ్మె మధ్యలోనూ ఆ రసాయనం కనిపిస్తే, బయటి నీరు లోపలికి చొరబడిందని అర్థం. ఆ ముక్కను పక్కన పెట్టేస్తారు.

అంటార్కిటికాలో రెండు సరస్సుల కథ ఇదే చెబుతుంది. వోస్తోక్ సరస్సు దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు కింద ఉంది. రష్యన్ బృందం 2012 ఫిబ్రవరి 5న దాన్ని అందుకుంది. గొప్ప సాహసమే, కాదనను. కానీ రంధ్రం గడ్డకట్టుకుపోకుండా ఏళ్ల తరబడి అందులో కిరోసిన్ లాంటి ద్రవం నింపి ఉంచారు. దాంతో ఆ శాంపిళ్లలో ఏ బ్యాక్టీరియా కనిపించినా, అది సరస్సుదా, డ్రిల్లుదా అనే గొడవ తెమలలేదు. మరుసటి ఏడాది జనవరిలో అమెరికా బృందం 800 మీటర్ల మంచు కింద ఉన్న విలన్స్ సరస్సులోకి వెళ్లింది. వేడినీటితోనే తవ్వింది. ఆ నీటిని ఫిల్టర్ చేసి, అతినీలలోహిత కాంతిలోంచి పంపి, పరికరాల్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, రంధ్రంలోని నీటిలోనూ కణాలు లెక్కపెట్టి, ఆ తర్వాతే సరస్సు నీరు తీసింది. మిల్లీలీటరుకు సుమారు 1,30,000 కణాలు ఉన్నాయని చెబితే ఎవరూ ముక్కు విరవలేదు. రెండింటికీ తేడా బ్లాంక్‌లోనే ఉంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ప్రతి బ్యాచ్‌కూ ఒక బ్లాంక్ కాకుండా, ప్రతి దశకూ ఒక బ్లాంక్ పెట్టండి. ఖాళీ ఫిల్టరు ఒకటి, రంగు మాత్రమే వేసింది ఒకటి, కడిగే నీరు పోసింది ఒకటి, మూత తీసి శాంపిల్ పక్కనే ఉంచింది ఒకటి. చుక్కలు ఎక్కడ మొదలవుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు దొంగ రంగు సీసాలోనే దొరుకుతాడు, వాడేముందు దాన్ని 0.2 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టారో లేదో చూసుకోండి. బ్లాంక్‌ల సగటు తీసి, దానికి ప్రామాణిక విచలనానికి మూడింతలు కలిపితే వచ్చేది మీ పద్ధతి హద్దు. అంతకు తక్కువ ఏం వచ్చినా "ఉంది" అని రాయకండి. థీసిస్‌లో దీనికో అధ్యాయమే ఇవ్వండి. ఇంటర్వ్యూలో ఎవరైనా ముందుకు జరిగి వినే భాగం అదే అవుతుందని నా అనుమానం.

ఈ జాగ్రత్త ఎంత సీరియస్ అంటే, యూరోపా సముద్రంలోకి ఒక్క భూలోకపు సూక్ష్మజీవి చేరే అవకాశం కూడా ఒక్కో యాత్రకు పదివేలలో ఒకటి కంటే తక్కువ ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గెలీలియోను 2003లో గురుడిలో, కాసినిని 2017లో శనిలో కావాలనే పడేసి కాల్చేశారు, ఎప్పుడైనా ఆ చందమామల మీద కూలుతాయేమోనని.

"దొరికింది" అనడానికి ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యధరా సముద్రం అడుగున మెగ్నీషియం క్లోరైడ్ చిక్కగా నిండిన డిస్కవరీ అనే ఉప్పు మడుగు ఉంది. ఆ ఉప్పు చచ్చిన కణాల డీఎన్‌ఏను కూడా పాడవకుండా దాచిపెడుతుంది. అంటే అక్కడ డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన ఎవరూ బతికున్నట్టు కాదు. యూరోపా ఉప్పునీటిలో ఏదైనా దొరికితే ఈ ఉదాహరణ తప్పకుండా ముందుకొస్తుంది.

దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల విషయంలో కూడా మీవాళ్ల మాట అవసరమవుతోంది, అది క్లుప్తంగా చెబుతాను. కే2-18బీ అనే గ్రహం మన నుంచి 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ జాడ ఉండొచ్చని 2023లోనూ, 2025లోనూ నిక్కు మధుసూదన్ బృందం ప్రకటించింది. భూమి మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రంలో తేలే సూక్ష్మ మొక్కల వల్ల వస్తుంది, సముద్రపు వాసనలో దాని వాటా ఉంది. సంకేతం నిజమేనా అన్నదాని మీదే ఇంకా వాదన నడుస్తోంది. పైగా జీవమే లేని ఒక తోకచుక్క మీద కూడా అదే వాయువు కనిపించిందని 2024లో తేలింది. అంత దూరం నుంచి ఒక్క వాయువును పట్టుకుని తీర్పు చెప్పేవాళ్లను నేను అంతగా నమ్మను.

ఇక మీ దరఖాస్తు. కొన్ని చేదు మాటలు ముందు. నాసా వాళ్ల యూరోపా క్లిప్పర్ నౌక 2024 అక్టోబరు 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్‌కు గురుడి దగ్గరికి చేరాలి, యూరోపా పక్క నుంచి 49 సార్లు వెళ్లాలి. యూరప్ వాళ్ల జ్యూస్ నౌక 2031 జూలైలో చేరాలి. మీ పీహెచ్‌డీ ముగిసే రోజులకు డేటా రావడం మొదలవుతుంది, ముహూర్తం బాగుంది. కానీ క్లిప్పర్ పని అక్కడ జీవం ఉందా అని తేల్చడం కాదు, జీవానికి తగిన చోటేనా అని చూడటం. మంచు కింద ఈదే యంత్రం ఏదీ ఇంకా బయల్దేరలేదు. మీ ఉద్యోగ జీవితమంతా గడిచినా జవాబు రాకపోవచ్చు. ఆస్ట్రోబయాలజీ (గ్రహాంతర జీవశాస్త్రం) అని బోర్డున్న ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మీ జీతం భూమి మీది సముద్రం మీద చేసే పని నుంచే వస్తుంది. ఆ పని దానికదే మీకు నచ్చకపోతే, గ్రహాంతర జీవం పేరు చెప్పుకుని ముప్పై ఏళ్లు లాగడం కష్టం. ఇది నిజాయితీగా ఒకసారి ఆలోచించుకోండి. ఉత్తరంలో మీరు బ్లాంక్ చుక్కల గురించి బెంగపడిన తీరు చూస్తే మీకు నచ్చుతున్నట్టే ఉంది.

నేర్చుకోవాల్సినవాటిలో మొదటిది మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువుల్ని వాటి బరువును బట్టి గుర్తుపట్టే పద్ధతి, ఎందుకంటే అక్కడికి వెళ్లేది మైక్రోస్కోపు కంటే ముందు అదే. జీన్ సీక్వెన్సింగ్ ఒక్కటే నమ్ముకోకండి. అది డీఎన్‌ఏ ఉన్నవాటినే చూపిస్తుంది, అక్కడి జీవానికి డీఎన్‌ఏ ఉండాలని రూలేమీ లేదు కదా. కొవ్వు ఆమ్లాల్లో సరి సంఖ్యలో కార్బన్లున్నవే ఎందుకు ఎక్కువగా ఉంటాయి, అమైనో ఆమ్లాలు ఎడమచేతి వాటంవే ఎందుకు, రాయి చేసిన మీథేన్‌కూ జీవి చేసిన మీథేన్‌కూ ఐసోటోపుల్లో తేడా ఎలా పట్టాలి, ఒక్కోసారి ఎందుకు పట్టలేం, ఇలాంటివి చదవండి. స్టాటిస్టిక్స్ తప్పించుకోవడానికి లేదు. వీలైతే ఒక్కసారైనా ఓడ ఎక్కండి. ఊగే ల్యాబులో నిద్ర లేకుండా శాంపిల్ తీసినవాళ్లకు, రోబోతో ఏం చేయించొచ్చో, ఏం చేయించలేమో తొందరగా అర్థమవుతుంది.

ప్రొఫెసర్లకు రాసేటప్పుడు చిన్నప్పటి కలతో మొదలుపెట్టకండి, అలాంటివి వాళ్లకు కుప్పలుగా వస్తాయి. "కణాలు అతి తక్కువగా ఉన్న నీటిలో, ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఎలా వేరు చేయాలన్నది నా ఆసక్తి. ఇదిగో నా బ్లాంక్‌ల పట్టిక" అని రెండు వాక్యాలు రాసి, పట్టిక జత చేయండి. యూరోపా, ఎన్‌సెలడస్ పేర్లు రెండో పేరాలో వస్తే చాలు. లోతు సముద్రపు మట్టి మీద, ఉప్పు మడుగుల మీద, వేడినీటి ఊటల మీద పనిచేసేవాళ్లకు ముందు రాయండి. గ్రహాల మీద పనిచేసే వాళ్లతో కలిసి పత్రాలు రాసినవాళ్లు వాళ్లలోనే దొరుకుతారు. జవాబు రాకపోతే చిన్నబుచ్చుకోకండి. మూడు వారాలాగి మళ్లీ ఒకసారి రాయండి, వాళ్లలో చాలామంది ఆ సమయానికి ఓడ మీద ఉండి ఉంటారు.